కోడికి చెప్పిన మాటలు

పొద్దున్నే ముక్కల బుట్టలో చెయ్యి పెట్టగానే టైలరమ్మకు వేలి మీద చురుక్కుమంది.

సూదేమో అనుకుంది. ఇరవై ఏళ్ళుగా బట్టలు కుట్టే మనిషికి ఏది గుచ్చుకున్నా ముందు సూదే గుర్తొస్తుంది. కానీ సూది గుర్రుమనదు. వంగి చూస్తే, వెనక వరండాలో అక్కవాళ్ళ వైపు గోడవారగా పెట్టిన వెదురుబుట్టలో, కర్టెన్ల లైనింగు కత్తిరించగా మిగిలిన ముక్కల మధ్య ఒక నల్లకోడి పళ్ళెంలా పరుచుకుని కూర్చుని ఉంది. ఈకలన్నీ విప్పుకుని, మెడ లోపలికి లాక్కుని, ఉన్నదానికి రెండింతలు ఉబ్బి, ఈ ఇల్లు నాది, నువ్వెవరు అన్నట్టు ఒంటికన్నుతో చూస్తోంది.

అది ఎవరి కోడో టైలరమ్మకు ఒకరు చెప్పక్కర్లేదు. దాని పేరు మసి. గోడ అవతల అక్క పెంచే ఆరు కోళ్ళలో అది ఒకటి. ఆరింటి పేర్లూ, ఆరింటి గుణాలూ టైలరమ్మకు నోటికి వచ్చు, ఒక్కదాన్నీ ఎప్పుడూ చేత్తో ముట్టుకోకపోయినా. రెండిళ్ళ పెరళ్ళకూ మధ్య మెడ ఎత్తు గోడ ఉంది. పొద్దున్నే అక్క గింజలు చల్లుతూ వాటిని తిడుతుంది. ఆ తిట్లు వినబడే వేళకు టైలరమ్మ మిషను తొక్కడం ఆపి, దారం తెగినట్టు నటిస్తూ కూర్చుంటుంది. మూడేళ్ళుగా అక్క గొంతు వినడానికి ఆమెకు ఉన్న దారి అదొక్కటే.

"ఒసేయ్ మసీ, ఎక్కడ చచ్చావే?" అని అక్క అరుస్తుంది. టైలరమ్మకు ఆ కోడి మీద అసూయ. నవ్వుకుంటారేమోగానీ నిజంగా అసూయే. నలభై ఆరేళ్ళు వచ్చి, మెడలో టేపు వేసుకుని, పదిమందికి కొలతలు తీసే ఆడమనిషి ఒక కోడిని చూసి, దీన్ని ఒసేయ్ అని పిలవడానికి ఒక మనిషి ఉంది కదా అని కుళ్ళుకుంటుంది.

ముందు గదిలో ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే మొగుడు స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకుని వచ్చి చూశాడు.

"జబ్బు చేసినట్టుంది. కదలడం లేదు చూడు."

"నీళ్ళు పెట్టాను. ముట్టలేదు."

"గోడ మీంచి ఇచ్చెయ్. వదిన చూసుకుంటుంది."

అదే మంచిదని టైలరమ్మ రెండు చేతులూ కోడి కిందికి పోనిచ్చింది. అంతే, మసి పీక కోస్తున్నట్టు అరిచి, ఆమె మణికట్టు మీద ఇంకో పోటు పొడిచింది. ఆ అరుపుకు గోడ మీద ఒక తల లేచింది. నెరిసిన జుట్టు, పళ్ళ మధ్య పిన్ను, సగం వేసిన ముడి. అక్క.

అక్క టైలరమ్మను చూడలేదు. ఆమె చేతుల్లో ఉన్న కోడిని చూసింది. పిన్ను తీసి జుట్టులో గుచ్చుకుని, కోడితో మాట్లాడింది.

"ఇక్కడ తగలడ్డావా? పొదుగుకొచ్చావుటే? గుడ్డు లేదు, పెంకు లేదు, ఏం పొదుగుదామనే? బట్టముక్కలా?"

మసి గుర్రుమంది.

"ఆ గుర్రు చాలు, నీ సంగతి చెప్పడానికి. జబ్బూ లేదు, గిబ్బూ లేదు. నీ పొట్ట కింద చెయ్యి పెట్టి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఈకలు పీకేసుకుని బోడి చేసుకుని ఉంటావు. ఒళ్ళు కాలిపోతూ ఉంటుంది."

టైలరమ్మ చెయ్యి పెట్టి చూసింది. నిజమే. రొమ్ము కింద అరచెయ్యంత మేర ఈక లేదు. చర్మం వేడిగా, మెత్తగా, అప్పుడే ఇస్త్రీ చేసిన గుడ్డలా ఉంది. గోడ వైపు తలెత్తి చూసి, అవునన్నట్టు తల ఊపబోయి ఆగిపోయింది. అక్క ఇంకా కోడినే చూస్తోంది.

"ఇంటికి తెచ్చానంటే మళ్ళీ గూట్లో దూరి, మిగతావాటి గుడ్లన్నీ పాడుచేస్తావు. నీకు కొత్తచోటే మందు. అడుగున గాలి ఆడేలా జాలీ మీద, వెలుతురున్న చోట, మూడు రోజులు. తిండీ నీళ్ళూ దగ్గర పెట్టాలి. గూడు మాత్రం ఉండకూడదు. అప్పుడు దిగుతుంది నీ వేడి."

తల కిందికి దిగిపోయింది. టైలరమ్మ కోడిని పట్టుకుని అలాగే నిలబడింది. మూడు రోజులు అంది అక్క. కోడికే చెప్పి ఉండొచ్చుగాక, మూడు రోజులు గోడ మీదికి ఆ తల వస్తుందని దాని అర్థం.

*

మొగుడు పాత కూలరు జాలీలు నాలుగు తీసి తీగతో కట్టి పంజరం చేశాడు. అటూ ఇటూ ఇటుకలు పేర్చి, దాన్ని నేలకు జానెడు ఎత్తున నిలబెట్టాడు. "ఈ కూలరు మనకెప్పుడూ చల్లగాలి ఇవ్వలేదు. కోడికైనా ఇస్తుందేమో," అన్నాడు.

మసి జాలీ మీద నిలబడలేక నిలబడింది. కాలివేళ్ళు తీగల మధ్య చిక్కుకుంటున్నాయి. కూర్చోబోతుంది, కింద ఏమీ తగలక లేస్తుంది, మళ్ళీ కూర్చోబోతుంది. టైలరమ్మ కర్టెన్ల అంచులు మడుస్తూ గంటసేపు చూసింది. ఇక చూడలేకపోయింది. మెత్తటి లైనింగు ముక్కలు నాలుగు పొరలుగా మడిచి, మూలలు టాకా వేసి, పంజరం కొలతకు సరిగ్గా ఒక చిన్న పరుపు కుట్టి లోపల పరిచింది. మసి దాని మీద మెల్లగా దిగి, ఈకలు విప్పుకుని, కళ్ళు మూసుకుంది. టైలరమ్మ తృప్తిగా ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు పొద్దున అక్క తల గోడ మీదికి వచ్చి, పంజరం వైపు వంగింది.

"ఏమిటే ఇది? పరుపా?" అంది. "నాలుగంచులకూ కుట్టు వేయించుకుని మరీ? ఒసేయ్ మసీ, నీకు వేడి దిగడానికి పంజరంలో పెడితే, అందులో పడకగది కట్టించుకున్నావుటే? ఇది పడక కాదే, గూడే!"

టైలరమ్మకు తల కొట్టేసినట్టయింది. గాలి ఆడాలి అన్నదాని అర్థం ఇప్పుడు బోధపడింది. పొట్ట కింద చల్లబడాలి. తను చేసిందేమో దుప్పటి కప్పడం. నోటికి వచ్చింది కోడికే చెప్పింది.

"మసీ, కాళ్ళు నొప్పి పుడతాయేమోనని వేశాను. తెలియక వేశాను."

అది అక్కకు వినబడేలా ఆమె మూడేళ్ళ తర్వాత అన్న మొదటి మాట. అక్క గోడ మీద చెయ్యి పెట్టుకుని, దూరంగా ఎక్కడో చూస్తూ, "విన్నావుటే? నీ కాళ్ళ మీద ఎంత ప్రేమో," అంది. అందులో ఎగతాళి ఉంది. కానీ అక్క వెంటనే కిందికి దిగలేదు. గోడ పెచ్చు ఒకటి గోటితో గీకుతూ, ఒక నిమిషం పాటు అక్కడే ఉంది.

ఆ నిమిషం టైలరమ్మను పాడుచేసింది. పరుపు తీసేసిన మాట నిజమే. పగలంతా మసిని ఉత్త జాలీ మీద ఉంచిన మాటా నిజమే. కానీ సాయంత్రం నాలుగయ్యేసరికి మసి ఒకసారి రెక్కలు దులుపుకుని, జాలీ మీద నిలబడి గింజలు ఏరుకుని తింది. అది చూడగానే టైలరమ్మ చేతిలోని కుట్టు పక్కన పెట్టేసింది. ఇలా అయితే రేపటికల్లా దిగిపోతుంది. దిగిపోతే గోడ మీంచి ఇచ్చెయ్యాలి. ఇచ్చేస్తే మళ్ళీ దారం తెగినట్టు నటిస్తూ కూర్చోవాలి.

అటూ ఇటూ చూసి, పంజరం తలుపు తీసి, కోడిని బుట్టలో పెట్టింది. మసి ఒక్క క్షణం ఆలోచించి, ముక్కల్లోకి ఒదిగిపోయింది. పొద్దున్నే, అక్క లేవకముందే, మళ్ళీ తీసి పంజరంలో పెట్టింది. దొంగపని చేయడం అలవాటు లేక రెండుసార్లు కోడిని జారవిడిచింది. ఇంకో పోటు కూడా పడింది.

*

"ఇంకా దిగలేదుటే?" అంది అక్క మూడో రోజున.

"మసీ, నువ్వు మొండిదానివి," అంది టైలరమ్మ.

"మొండిదే. చిన్నప్పటి నుంచీ అంతే."

మసికి ఏడాదిన్నర వయసు. చిన్నప్పటి సంగతి ఎవరిదో టైలరమ్మకు తెలిసింది. తెలిసీ తెలియనట్టు కత్తెరకు నూనె రాయసాగింది. పది నిమిషాలు మాట్లాడుకున్నారు ఆ పొద్దున, ఇద్దరూ కోడితోనే. వర్షం వచ్చేలా ఉందని అక్క కోడికి చెప్పింది. మోకాళ్ళ నొప్పులు వస్తున్నాయని టైలరమ్మ కోడికి చెప్పింది. ఆవనూనె వేడిచేసి రాస్తే తగ్గుతుందని అక్క కోడికి చెప్పింది. కర్టెన్లు పట్టుకెళ్ళడానికి వచ్చిన ఆవిడ గుమ్మంలో నిలబడి ఈ సంభాషణ విని, కుట్టు పూర్తయిందో లేదో అడగడం మరిచిపోయి, ముక్కున వేలేసుకుంది.

"కోడికి మోకాళ్ళ నొప్పులా అమ్మా?"

"వస్తాయండీ. ఎంతసేపని కూర్చుంటుంది," అన్నాడు మొగుడు లోపల్నుంచి.

నాలుగో రోజు అక్క గొంతులో ఎగతాళి లేదు. మసి తలమీది ఎర్రటి తురాయి పాలిపోయి, రక్తం లేనట్టు తెల్లబారింది. అక్క గోడ మీదుగా వంగి చాలాసేపు చూసింది.

"ముప్పై ఏళ్ళుగా కోళ్ళు పెంచుతున్నాను. జాలీ మీద పెట్టాక ఇన్నాళ్ళు దిగనిదాన్ని చూడలేదు. తిండి తినక ఎండిపోతున్నావే తల్లీ. ఈకలు ఎండుటాకుల్లా అయ్యాయి. చచ్చిపోతావే ఇలాగైతే."

టైలరమ్మ తల దించుకుంది. తను రోజూ సాయంత్రం బుట్టలో పెడుతున్న సంగతి మసికి తప్ప ఎవరికీ తెలియదు. తన ఆశ కోసం ఆ నోరులేనిది ఎండుతోంది. ఇంత పాపం ఎందుకు చేస్తున్నానని సిగ్గేసింది.

"మధ్యాహ్నం చల్లనీళ్ళలో పొట్ట తడిపితే మంచిది," అంది అక్క. "తల తడవకూడదు. రెక్కలు వదులుగా పట్టుకోవాలి. తర్వాత ఎండలో ఆరనివ్వాలి. బుట్టలూ గిట్టలూ ఏవున్నా కంటికి కనబడకుండా తీసెయ్యాలి."

మధ్యాహ్నం టైలరమ్మ ముక్కల బుట్టను తీసుకెళ్ళి అటక మీద పెట్టేసింది. ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు పోసి, మసిని పట్టుకుని మెల్లగా పొట్ట వరకూ దించింది. కోడి అదిరిపడి కుడి రెక్క చాచింది. టైలరమ్మ చేతులు ఆగిపోయాయి.

రెక్క చివర పెద్ద ఈకలు లేవు. వరసగా, ఒకే గీతలో కత్తిరించి ఉన్నాయి. రాలిపోయినవి కావు. కత్తిరింపు సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా? ఎడమచేత్తో కత్తెర పట్టుకునేవాళ్ళు కోసే వాలు అది. అక్కది ఎడమచేతి వాటం. కోళ్ళు గోడ దాటకుండా ఒక రెక్క కత్తిరిస్తారని ఆమెకు తెలుసు. ఎగరబోతే ఒరిగిపోయి పడతాయి.

తుడిచి, ఎండలో ఆరబెట్టి, గోడ మీద గుప్పెడు గింజలు పోసి, మసిని గోడ కింద వదిలింది. మసి తలెత్తి చూసింది. ఎగిరింది. మోకాలి ఎత్తు లేచి, ఒకవైపుకు తిరిగిపోయి, కింద పడింది. మళ్ళీ ఎగిరింది. మళ్ళీ పడింది. మూడోసారికి ఆ గింజలతో నాకేం పని అన్నట్టు వెనక్కి తిరిగింది.

టైలరమ్మ నేల మీద చతికిలబడింది. ఈ గోడ ఈ కోడి దాటలేదు. ఎవరో ఎత్తి ఇటు పెట్టారు. గోడ మీద వంగి, చెయ్యి చాపి, సరిగ్గా ముక్కల బుట్టలో పెట్టారు.

ముందు కోపం వచ్చింది. మూడేళ్ళు! ఒక్క కేక వేస్తే పోయేదానికి కోడిని పంపిస్తుందా? తర్వాత ఆ కోపం ఎటుపోయిందో తెలియలేదు. పొద్దున్నే, ఎవరూ లేవకముందే, ఆ వయసులో, ఏ పీటో ఎక్కి, ఎడమచేత్తో కోడిని అదిమి పట్టుకుని గోడ మీదికి వంగిన అక్క కళ్ళకు కట్టింది. అక్కకూ దొంగపని అలవాటు లేదు. టైలరమ్మకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మొగుడికి చెప్పింది. ఆయన మోటారు చుట్టడం ఆపి విన్నాడు.

"వదినకి నీకంటే తెలివెక్కువ. నాకు పెళ్ళినాడే తెలుసు," అన్నాడు. తర్వాత, నవ్వకుండా, "వెళ్ళు మరి," అన్నాడు.

"వెళ్తే మళ్ళీ నన్ను 'మీరు' అంటుంది."

ఆ భయం ఆయనకు తెలుసు. బావ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రమ్మని కబురు వస్తే, ఆమె నాలుగో రోజు పొద్దున వెళ్ళింది. అప్పటికి గంట క్రితం బావ పోయాడు. అక్క లేచి నిలబడి, అందరి ముందూ, "మీరు వచ్చారా? కూర్చోండి," అంది. తిట్టలేదు, ఏడవలేదు, ఎందుకు రాలేదని అడగలేదు. బయటివాళ్ళకు కుర్చీ చూపించినట్టు చూపించింది. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాట లేదు.

*

ఆ సాయంత్రం ఆమె కోడిని బుట్టలో పెట్టలేదు. ఐదో రోజూ పెట్టలేదు. ఆరో రోజు పొద్దున పంజరం తలుపు తీస్తే, మసి బయటికి వచ్చి, ఒళ్ళు దులుపుకుని, బుట్ట ఉండే మూలకేసి కూడా చూడకుండా నేరుగా మట్టిలోకి పోయింది. రెండు కాళ్ళతో తవ్వి పోస్తూ, దొరికిందల్లా తింటూ, మామూలు కోడిలా కొక్కొక్కొ అంటోంది.

అక్క తల గోడ మీదికి వచ్చింది.

"దిగావుటే," అంది. గొంతు చిన్నదైపోయింది. "మంచిది. ఇంక ఇంటికి రా."

గోడ మీదుగా రెండు చేతులూ చాపింది. బండబారిన చేతులు, ఎడమ బొటనవేలి మీద కత్తెర ఒత్తుకుని కాసిన కాయ. టైలరమ్మ వెళ్ళి మసిని ఎత్తుకుంది. రెండడుగులు వేస్తే గోడ. ఆ చేతుల్లో పెట్టేస్తే అయిపోతుంది. ఆమె అక్కడే ఆగిపోయింది.

"గోడ మీంచి ఇవ్వను అక్కా," అంది. ఈసారి కోడిని చూడలేదు.

అక్క చేతులు కాసేపు గాలిలో అలాగే ఉన్నాయి. తర్వాత వెనక్కి వెళ్ళిపోయాయి. తల కూడా వెళ్ళిపోయింది.

టైలరమ్మ చెప్పులు వేసుకుని వీధిలోకి నడిచింది. అక్క ఇంటి గుమ్మం వెనక సందులోకి ఉంటుంది. వెళ్ళాలంటే వీధి చివరి పిండిమర దగ్గర మలుపు తిరిగి, మళ్ళీ అంత దూరమూ రావాలి. మసిని చంకలో ఇరికించుకుని నడుస్తుంటే, పిండిమర ముందు క్యూలో ఉన్నవాళ్ళు కోడినీ, ఆమె మెడలో తీయడం మరిచిపోయిన టేపునూ చూసి నవ్వారు. ఆమెకు అదేం పట్టలేదు. తలుపు వేసి ఉంటే? వేసి ఉంటే తట్టాలా? తీసి, "మీరా?" అంటే? నడక ఒకసారి వేగం, ఒకసారి మెల్లన. సందు మలుపులో నిజంగానే వెనక్కి తిరగబోయింది.

తలుపు తీసే ఉంది. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టు ముడి ఇంకా పూర్తిగా వేసుకోలేదు. టైలరమ్మ చేతుల్లోంచి మసిని తీసుకుని, నేల మీద వదిలేసింది. మసి వాళ్ళిద్దరినీ పట్టించుకోకుండా లోపలి నుంచి పెరట్లోకి, మిగతా కోళ్ళ దగ్గరికి పరుగెత్తింది.

అక్కడ ఇక కోడి లేదు. అక్క ఎవరితో మాట్లాడాలో తెలియనట్టు ఒక క్షణం అటూ ఇటూ చూసింది. తర్వాత చెల్లెలి మొహంలోకి చూసింది.

"ఆసుపత్రి మెట్ల మీద మూడు రోజులు కూర్చున్నానే నీకోసం," అంది. "వచ్చే ప్రతి రిక్షాలోకీ చూశాను. ఎందుకు రాలేదే?"

మూడేళ్ళుగా టైలరమ్మ దేనికి భయపడిందో ఆ ప్రశ్న వచ్చేసింది. గుండెల్లో పొడిచినట్టు వచ్చింది. అయినా ఆ మాట చివర్లో ఉన్న 'ఏ' తనదే, తనకు తప్ప ఇంకెవరికీ కాదు. ఆమె అబద్ధం వెతుక్కోలేదు.

"స్కూలు యూనిఫారాలు కుడుతున్నాను అక్కా. పద్దెనిమిది. అయ్యాక వద్దామనుకున్నాను. బావకి అంత ఎక్కువైందనుకోలేదు."

"అయ్యాయా?"

"పదహారు అయ్యాయి. రెండు అలాగే ఉన్నాయి. వాళ్ళు వేరేచోట కుట్టించుకున్నారు. కత్తిరించిన ముక్కలు ఇప్పటికీ బీరువాలోనే ఉన్నాయి. మిషను మీద పెడితే చేతులు ఆడవు."

అక్క చెయ్యి చాపి, చెల్లెలి మెడలోంచి టేపు తీసి, గుండ్రంగా చుట్టడం మొదలుపెట్టింది. సగంలో చేతులు ఆగిపోయాయి.

"ఏడిశావులే," అంది. "లోపలికి రావే."

ఏడుస్తున్నది మాత్రం అక్కే.